కర్నూలు నుంచి ఒక్కదాన్నే, కారులో నల్లమలకు: అడవిలో టెంట్ వేసుకోనిస్తారా?

బురుజు_పిల్ల:

అందరికీ నమస్తే. మాది కర్నూలు. వయసు ముప్పై దాటింది, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తుంటాను. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో వ్యాగనార్ కొన్నాను. పాపం ఆ కారు ఇప్పటిదాకా చూసిందల్లా ఆఫీసు, సి.క్యాంపు రైతుబజారు, పెళ్ళిళ్ళకు ఎమ్మిగనూరు.

మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది. ఈమధ్య అది ఒక్కతే కారేసుకుని యూటాలోని జయన్, బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కులు తిరిగొచ్చింది. పగలంతా కొండలెక్కడం, సాయంత్రం పార్కులోనే తనకిచ్చిన జాగాలో టెంట్ వేసుకోవడం, వండుకుని తిని పడుకోవడం. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి నా మనసు ఆఫీసులో లేదు. ఆన్‌లైన్‌లో ఇద్దరు పట్టే టెంట్ తెప్పించేశాను. హాల్లో వేసి చూపిస్తే మా అమ్మ ఒకటే అడిగింది, "దీన్ని మళ్ళీ మడత పెట్టడం నీకొచ్చా?" అని.

నా ఆలోచన ఇది. ఒక శనివారం తెల్లవారకముందే బయల్దేరి, పగలంతా నల్లమల వైపు తిరిగి, రాత్రి అడవిలో టెంట్ వేసుకుని పడుకుని, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఒక్కదాన్నే. అసలు మన దగ్గర అడవిలో టెంట్ వేసుకోనిస్తారా? వేసుకోనివ్వకపోతే ఇంకేం చేయొచ్చు? ఏ దారిలో పోతే ఒక రోజులో ఎక్కువ చూడొచ్చు? ఆ దారుల్లో తిరిగినవాళ్ళు చెప్పండి.

"ఆడపిల్లవి, ఒక్కదానివే ఎందుకు" అనే సలహా మా ఇంట్లో ఫ్రీగా దొరుకుతోంది. ఇక్కడ వద్దు.

ఆత్మకూరు_సారథి:

చెల్లెమ్మా, ముందు టెంట్ సంగతి తేల్చేద్దాం. నల్లమలలో సొంతంగా టెంట్ వేసుకుని పడుకోనివ్వరు. బతిమాలినా, తెలిసినోళ్ళు ఉన్నారని చెప్పినా అంతే. అది పులుల అడవి, 1983 నుంచి టైగర్ రిజర్వు. నేను కర్నూలు–శ్రీశైలం లైన్లో టాక్సీ తోలుతా, పుట్టింది పెరిగింది ఆత్మకూరులోనే. రోడ్డు పక్కన బండి ఆపి దుప్పటి పరిస్తేనే గార్డులు లేపి పంపించేస్తారు, ఇక టెంటెక్కడ?

అయితే అడవిలో ఒక రాత్రి పడుకోవాలనే నీ కోరిక తీరే దారుంది. ఆత్మకూరు దాటి దోర్నాల రోడ్డులో కొంచెం దూరం పోతే బైర్లూటీ. అక్కడ అటవీ శాఖ వాళ్ళే జంగిల్ క్యాంపు నడుపుతున్నారు. కాటేజీలున్నాయి, వాళ్ళు వేసి ఉంచిన టెంట్లూ ఉన్నాయి. వాళ్ళ జీపులో సఫారీకి తీసుకుపోతారు. అక్కడ పనిచేసేవాళ్ళలో చెంచులు ఎక్కువ, అడవి గురించి ఏం అడిగినా వాళ్ళనే అడుగు, ఆఫీసర్ల కంటే బాగా చెప్తారు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి నేను చెప్పను. భోజనం, సఫారీ అందులో కలిసి ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకో.

ఇప్పుడు కార్తీకం. సోమవారాలు సరే, శని ఆదివారాలు కూడా ఆ రోడ్డు నిండా శ్రీశైలం జనమే. ఇంకో రెండు మూడు వారాలు ఆగు. మార్గశిరం పడితే రోడ్డు ఖాళీ, చలి బాగుంటుంది, పచ్చదనం ఇంకా పోయి ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని మూసేస్తుంటారు, ఆ నెలల్లో పెట్టుకోవద్దు.

దారి చెప్తా, రాసుకో.

తెల్లవారుజామున ఐదింటికల్లా కర్నూలు వదిలెయ్. నందికొట్కూరు దారి పట్టి, అక్కడి నుంచి రోళ్ళపాడు. ఎండ ఎక్కకముందే అక్కడ ఉండాలి. అది నల్లమల కాదు, చెట్టు కూడా పెద్దగా ఉండదు, బయలు. గడ్డి, అక్కడక్కడా తుమ్మలు. మంచులో ముందు నీకు జింక కనబడదు, మెలితిరిగిన కొమ్ములు మాత్రం గడ్డి పైన నిలబెట్టిన పుల్లల్లా కనిపిస్తాయి. అవి కదిలితేనే కింద కృష్ణజింక ఉందని తెలుస్తుంది. మగవి నల్లగా, పొట్ట తెల్లగా. ఒకటి ఎగిరిందంటే వెనకాల మందంతా అదే చోట ఎగురుతుంది, అక్కడ కంచె ఉన్నా లేకపోయినా. ఆ అభయారణ్యం 1988లో పెట్టింది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం. ఇప్పుడు ఆ పిట్టను చూద్దామని పోతే నిరాశే, ఏళ్ళ తరబడి జాడ లేదు. జింకలు మాత్రం చుట్టుపక్కల రైతులు తిట్టుకునేంత ఉన్నాయి. లోపలికి పోవాలంటే అక్కడి వాచర్‌ను అడిగి పో. కారు గడ్డిలోకి దించొద్దు.

ఎనిమిదింటికి మళ్ళీ నందికొట్కూరు వచ్చి ఉగ్గాని బజ్జీ తిను. తర్వాత ఆత్మకూరులో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించు. ఆత్మకూరు దాటితే దోర్నాల దాకా బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. తాగే నీళ్ళు కూడా ఇక్కడే పట్టుకో, స్టీలు బాటిల్‌లో. ప్లాస్టిక్ కవర్లు, బాటిళ్ళ విషయంలో చెక్‌పోస్టుల్లో గట్టిగా ఉంటున్నారు.

మధ్యాహ్నం లోపు ఒక చోటుకు పోవచ్చు, కొలను భారతి. కొత్తపల్లె మండలం శివపురం దగ్గర, నల్లమల అంచున సరస్వతీదేవి గుడి. పక్కనే చారుఘోషిణి వాగు. నవంబరు, డిసెంబరులో వాగులో నీళ్ళుంటాయి. అక్షరాభ్యాసాలు లేని రోజైతే గుడిలో పూజారి, నువ్వు, కోతులు. అంతే. సంగమేశ్వరం కూడా ఆ పక్కనే కదా అని అడుగుతావేమో. ఇప్పుడు పోతే నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. శ్రీశైలం డ్యాము వెనక నీళ్ళు తగ్గినప్పుడే గుడి బయటపడుతుంది, అది ఎండాకాలం సంగతి.

ఒంటిగంట, మహా అయితే రెండింటికల్లా బైర్లూటీ క్యాంపులో ఉండు. చెక్‌పోస్టులో ఆపి ఎక్కడికని అడుగుతారు, బుకింగ్ చూపిస్తే చాలు. అక్కడి నుంచి నీ కారు కదలాల్సిన పని లేదు. సాయంత్రం సఫారీ వాళ్ళ జీపులోనే. పులి కనబడుతుందా అని అందరూ అడుగుతారు. నేను చెప్పేది ఏమంటే, పులి కోసం పోతే దుప్పులు, కణుతులు, బెట్లుడుతలు, అడవి కోళ్ళు అన్నీ పక్కనుంచి పోతున్నా చూడరు జనం. బెట్లుడుతను మాత్రం వదలొద్దు. టేకు చెట్ల పైన ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి పిల్లి అంత ఉడుత దూకుతుంది, తోక దాని ఒంటికంటే పొడుగు.

నేను భయపడేది పులికి కాదు, ఎలుగుబంటికి. పులి మన వాసన తగలగానే తప్పుకుంటుంది. ఎలుగు తల దించుకుని చెదపుట్ట తవ్వుకుంటూ మనం దగ్గరికి వచ్చేదాకా చూసుకోదు, చూసిందా మీద పడుతుంది. ఇప్పపూలు రాలే ఎండాకాలంలో తెల్లవారుజామున మరీ జాగ్రత్త. క్యాంపు కంచె దాటి ఒంటరిగా నడకకు పోవద్దు, ఎంత దగ్గరైనా సరే. గైడుతో పో.

ఇంకొకటి, ఇది నా కడుపు మంట. రోడ్డు మీద కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసరొద్దు. ఒకరు కారు ఆపి విసురుతారు, వాళ్ళు పోయాక వెనకొచ్చే బండి ముందు ఆ కోతులు పడతాయి. చచ్చిన కోతిని తినడానికి ఇంకేదో వస్తుంది, అదీ ఇంకో బండి కింద. పుణ్యం అనుకుని చేస్తున్నారు జనం.

లంకమల_చూపు:

మేడమ్, నాది కడప. పక్షులు చూడటం పిచ్చి. పైన అన్న చెప్పినదంతా సరే, నేను చట్టం వైపు నుంచి రెండు ముక్కలు చెప్తాను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా పోకూడదు. కానీ అందులోంచి పోయే పబ్లిక్ హైవే మీద ప్రయాణం చేసేవాళ్ళకు పర్మిట్ అక్కర్లేదు. అంటే మీరు ఆత్మకూరు–దోర్నాల రోడ్డు మీద ఉన్నంతసేపు మామూలు ప్రయాణికులు, రోడ్డు దిగి చెట్ల మధ్యకు పోతే నేరం. జంతువుల్ని అల్లరి పెట్టడం, చెత్త వేయడం కూడా ఆ సెక్షన్‌లోనే నేరంగా పెట్టారు. నిప్పు పెట్టడం 30వ సెక్షన్. మీ చెల్లెలు అక్కడ చేసినట్టు పొయ్యి వెలిగించి వండుకోవడం అనే మాట ఇక్కడ మర్చిపోండి. క్యాంపు వాళ్ళు వాళ్ళ చోట చలిమంట వేస్తే అది వాళ్ళ బాధ్యత.

మీరు నేషనల్ పార్క్ అన్నారు. బైర్లూటీ ఉన్నది టైగర్ రిజర్వులో, అది నేషనల్ పార్క్ కాదు. రాష్ట్రంలో చట్ట ప్రకారం నేషనల్ పార్కులు మూడే. పాపికొండలు ఒకటి. 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ ఒకటి, శేషాచలం కొండల్లో, తిరుపతి నుంచి మా వైపు దాకా. మూడోది చెప్తే నమ్మరు, మా జిల్లాలోనే ప్రొద్దుటూరు పక్కన పెన్న ఒడ్డున ఉన్న రామేశ్వరం. మొత్తం వైశాల్యం 2.4 చదరపు కిలోమీటర్లు. పొద్దున టిఫిన్‌కు ముందు బోర్డు దగ్గర ఫోటో దిగి, టిఫిన్ ప్రొద్దుటూరులో చేయొచ్చు. నేషనల్ పార్క్ అనే మాట కోసం పోకండి, అడవి కోసం పోండి.

మా వైపు రావాలనుకుంటే ఒక జాగ్రత్త. లంకమల, పాలకొండలు, శేషాచలం అంతా ఎర్రచందనం పెరిగే అడవి. ఆ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ కొండల్లోనే, దొంగలూ దానికోసమే వస్తారు. కాబట్టి సిద్ధవటం, బద్వేలు, రాజంపేట దారుల్లో చీకటి పడ్డాక అడవి పక్కన వేరే ఊరి కారు ఆగి ఉంటే తనిఖీ చేసేవాళ్ళు మొదట డిక్కీ తెరవమంటారు, పేరు ఆ తర్వాతే అడుగుతారు. వాళ్ళ తప్పు కాదు. డిక్కీలో గొడ్డలి, కత్తి లాంటివి పెట్టుకోకండి, క్యాంపింగ్ కోసం అన్నా ఎవరూ వినరు. ఆధార్, ఆర్‌సీ, లైసెన్సు చేతికి అందేలా ఉంచుకోండి. సాయంత్రం ఐదున్నరకల్లా మెయిన్ రోడ్డు మీద ఊరి దగ్గరికి వచ్చేయండి.

లంకమల అనగానే కలివి కోడి చూడాలని చాలామంది ఫోన్ చేస్తారు. 1848లో జెర్డాన్ అనే ఆయన గుర్తించిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనబడక పోయింది, అంతరించిందనే అనుకున్నారు. 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. దానికోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. అది రాత్రి తిరిగే పక్షి, ముళ్ళపొదల మధ్య ఖాళీ నేలలో పరిగెత్తుతూ పురుగులు ఏరుకుంటుంది. టార్చి పట్టుకుని మీరు పోయి చూసేది కాదు, పోనివ్వరు కూడా. ఆ ముళ్ళపొదల మధ్య నడవాల్సింది దాన్ని చదివేవాళ్ళు మాత్రమే.

మీ టెంట్ వృథా పోకూడదంటే గండికోట ఉంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన లోయ, దాదాపు మూడొందల అడుగుల లోతు. అక్కడ కోట లోపల, లోయ అంచున టెంట్ వేయకూడదు, కానీ కోట బయట టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళు, జాగా ఇచ్చేవాళ్ళు ఉంటారు. పర్యాటక శాఖ హోటలు కూడా అక్కడే. గాలి మాత్రం మామూలుగా ఉండదు. టెంట్‌తో ఇచ్చే సన్నటి మేకులు ఆ రాతినేలలో దిగవు, నాలుగు మూలలకూ రాళ్ళు కట్టుకోవాలి. సూర్యోదయానికి లోయ దగ్గరికి పోతే, కంచె లేని అంచున సెల్ఫీ దిగే గుంపుకు దూరంగా కూర్చోండి.

ఫీనిక్స్_పులివెందుల:

మీ చెల్లెలు పోయిన చోట్ల సంగతి నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా. అక్కడ కూడా అడవిలో ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేస్తారనుకోకండి. జయన్‌లో వాచ్‌మన్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, నంబర్ వేసిన జాగాలు, ఆరు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. సెలవు రోజులకైతే చూస్తుండగానే అయిపోతాయి. ఒక్కో జాగాకు ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప చట్రం. దానికి బయట రాత్రి ఉండాలంటే వేరే పర్మిట్ తీసుకోవాలి. అక్కడిదే యోసెమిటీ అనే ఇంకో నేషనల్ పార్కులో అయితే చీకటి పడ్డాక కారులో తినే వస్తువు ఉంచితే ఫైన్, ఎలుగుబంట్లు కారు తలుపు ఊడబెరికి మరీ తినేస్తాయని. ఇనుప పెట్టెలిస్తారు, టూత్‌పేస్ట్ కూడా అందులోనే పెట్టాలి. అంటే నిబంధనలు అక్కడా అన్నే. తేడా ఒక్కటే, అక్కడ జాగా ఇచ్చి టెంట్ నువ్వు తెచ్చుకోమంటారు, మన దగ్గర టెంట్‌తో సహా వాళ్ళే ఇస్తారు. నన్నడిగితే రెండోదే సుఖం, పొద్దున్నే మంచుకు తడిసిన టెంట్ మడతపెట్టే పని ఉండదు.

సుబ్బారావు_బాబాయ్:

అమ్మా, మంచి ఉత్సాహమే. కానీ అడవికి ఒంటరిగా పోవడం అంత అవసరమా? నలుగురు స్నేహితురాళ్ళు కలిసి పోతే ఖర్చూ కలిసొస్తుంది, తోడూ ఉంటుంది. ఆలోచించుకో.

బురుజు_పిల్ల:

బాబాయ్, నా ప్రశ్నలో చివరి రెండు వాక్యాలు ఇంకోసారి చదవండి. నలుగురు స్నేహితురాళ్ళకు ఒకే శనివారం కుదిరేలోపు నా టెంట్‌కు చెదలు పడతాయి.

నంద్యాల_టీచరమ్మ:

అమ్మాయ్, నేను బైర్లూటీలోనూ, పచ్చర్లలోనూ ఒక్కదాన్నే ఉండొచ్చాను. నాకు నలభై ఐదు దాటాయి, మా ఆయనకు అడవి అంటే దోమలు. అందుకని.

బుకింగ్ అయ్యాక క్యాంపుకు ఒకసారి ఫోన్ చెయ్. "ఎంతమంది మేడమ్?" అంటారు. "ఒక్కరే" అంటే అటువైపు కాసేపు ఏం మాట్లాడరు. కంగారు పడకు. "భోజనం ఎన్నింటికి, సఫారీ ఎన్నింటికి, పక్క కాటేజీలో కుటుంబాలున్నాయా" అని నువ్వే వరసగా అడిగెయ్. అడిగేవాళ్ళంటే వాళ్ళకు గౌరవం. దిగాక మేనేజర్‌కూ, వండేవాళ్ళకూ ముఖం తెలిసేలా పలకరించు. నేను ముందుగా వంట దగ్గరికే పోతాను, రాత్రికి రొట్టె ఉంటుందా అన్నమేనా అని. ఆ వంటమ్మే తర్వాత రాత్రంతా నన్ను కనిపెట్టుకుని ఉంటుంది.

మొదటిసారి కాబట్టి టెంట్ వద్దు, కాటేజీ తీసుకో. బాత్రూమ్ లోపలే ఉంటుంది, అర్ధరాత్రి టార్చి పట్టుకుని నడవాల్సిన టెన్షన్ ఉండదు. టెంట్ సరదా రెండోసారికి ఉంచుకో. రాత్రి బయటికి వస్తే చెప్పులు కాదు, బూట్లు వేసుకో, వేసుకునే ముందు బోర్లించి దులుపు. తేళ్ళు, జెర్రులు ఉంటాయి. తలకు కట్టుకునే లైటు ఒకటి కొనుక్కో, ఫోన్ టార్చి వద్దు, ఫోన్ ఛార్జింగ్ నీకు పొద్దున కావాలి.

ఫోన్ సిగ్నల్ సంగతి ముందే ఇంట్లో చెప్పు. అడవిలో ఒక చోట వస్తుంది, ఇంకో చోట రాదు. "ఆత్మకూరు వదిలేటప్పుడు ఫోన్ చేస్తా, మళ్ళీ మరుసటి రోజు పొద్దున పదింటికి చేస్తా, మధ్యలో రాకపోతే భయపడొద్దు" అని మీ అమ్మకు చెప్పి, క్యాంపు నంబరు ఆమె దగ్గర రాసిపెట్టు. మ్యాప్ ఫోన్‌లో దించుకుని ఉంచుకో. దారిలో టీ బంకు దగ్గర "ఒక్కదానివేనా?" అని ఎవరైనా అడిగితే నేను "మావాళ్ళు వెనక బండిలో వస్తున్నారు" అంటాను. అబద్ధమే, నాకేం బాధ లేదు.

పచ్చర్ల సంగతి కూడా చెప్తాను, ఎవరూ చెప్పలేదు కాబట్టి. నంద్యాల–గిద్దలూరు రోడ్డులో అడవి మొదలయ్యాక వస్తుంది. అక్కడా అటవీ శాఖ క్యాంపుంది, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వైపు. బైర్లూటీలో దొరక్కపోతే ఇక్కడ చూడు. ఈ అడవిలో ఒక నీలం సాలీడు ఉంది. అరచేయంత ఉంటుంది, కాళ్ళ మీద పసుపు మచ్చలు, ఒళ్ళంతా లోహంలా మెరిసే నీలం. మొదట దొరికింది గుత్తిలో, రైల్వే కలప యార్డులో. 1899లో ఒక ఇంగ్లీషాయన దాని గురించి రాశాడు, అందుకే దానికి గుత్తి పేరు. తర్వాత వందేళ్ళు దాని ఊసే లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. అప్పుడర్థమైంది, గుత్తికి అది ఎక్కడి నుంచో దుంగల్లో రైలెక్కి వచ్చి ఉంటుందని. చెట్టు తొర్రల్లో, బెరడు కింద ఉంటుంది. పెంచుకునేవాళ్ళు విదేశాల్లో డబ్బులిచ్చి కొంటారట, అందుకే తొర్రలు పగలగొట్టి పట్టుకుపోయే దొంగలు కూడా ఉన్నారు. నీకు కనబడితే చూసి వదిలెయ్, ఏ చెట్టు దగ్గరో ఇక్కడ రాయకు. మా పిల్లలకు క్లాసులో ఈ సాలీడు కథ చెప్తే పులి కంటే శ్రద్ధగా విన్నారు.

బురుజు_పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. టెంట్ ఈసారికి అటక మీద. కాటేజీయే బుక్ చేస్తాను. ఇంకో రెండు డౌట్లు.

సారథి అన్నా, ఆదివారం పొద్దున్నే బైర్లూటీ నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం కూడా చూసుకుని రాత్రికి కర్నూలు వచ్చేయొచ్చా? అంత దూరం పోయి మల్లన్నను చూడకుండా వచ్చావా అని మా అమ్మ అంటుంది. రెండోది, నా కారు చిన్నది. ఆ రోడ్లకు సరిపోతుందా, పెద్ద బండి ఎవరిదైనా అడగనా?

ఆత్మకూరు_సారథి:

చెల్లెమ్మా, రోడ్డుకు వ్యాగనార్ చాలు. ఆత్మకూరు–దోర్నాల తారురోడ్డే. మలుపుల్లో ఎదురొచ్చే ఆర్టీసీ బస్సుకు నువ్వే దారియ్యాలి, అదొక్కటి గుర్తుపెట్టుకో. మలుపులో హారన్, గేరు దించి పో, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు. కొలను భారతికి పోయే దారి వానలకు అక్కడక్కడా దెబ్బతినొచ్చు, వాగు మీద నీళ్ళు పారుతుంటే కారు దింపొద్దు, వెనక్కి తిప్పుకో. లోపలి మట్టి దారులకు వాళ్ళ జీపుంది కదా. నాలుగు టైర్లు సరే, స్టెప్నీలో గాలి చూపించు. సెకండ్ హ్యాండ్ బండ్లలో చాలామంది స్టెప్నీని కొన్నాక ముట్టుకోరు. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో చూసుకో. ఒకసారి ఇంటి ముందే టైరు విప్పి బిగించి చూడు, అడవిలో మొదటిసారి చేయకుండా.

శ్రీశైలం మాట. పోవచ్చు, కానీ వద్దంటా. బైర్లూటీ నుంచి దోర్నాల, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి శ్రీశైలం, దర్శనం లైను, మళ్ళీ అదే దారి వెనక్కి. దోర్నాల–శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. ఆదివారం లైన్లో ఇరుక్కుంటే, సాయంత్రం హడావుడిగా ఘాట్ దిగుతావు. రోజంతా ఒక్కదానివే తోలి తోలి అలసిన చేతులతో చీకట్లో ఆ మలుపులు దిగాలని నేను చెప్పను. మల్లన్న ఎక్కడికీ పోడు, ఆయన కోసం వేరే రోజు మీ అమ్మను కూడా ఎక్కించుకుని పో.

ఆదివారానికి దీనికంటే మంచి దారి చెప్తా. పొద్దున క్యాంపులో టిఫిన్ చేసి ఆత్మకూరు వెనక్కి వచ్చి, అక్కడ ఎడమకు వెలుగోడు దారి తిరుగు. తెలుగుగంగ రిజర్వాయర్ వస్తుంది, ఒకవైపు నీళ్ళు, వెనకాల నల్లమల గోడ. కట్ట మీద ఫోటోలకు నిలబడొచ్చు, నీళ్ళలోకి దిగొద్దు. అక్కడి నుంచి నంద్యాల. మధ్యాహ్నం భోజనం నంద్యాలలో. తర్వాత కర్నూలు హైవే ఎక్కి ఓర్వకల్లు దగ్గర రాక్ గార్డెన్‌లో ఆగు, సాయంత్రం ఎండలో ఆ రాళ్ళ రంగు బాగుంటుంది. చీకటి పడకముందే ఇల్లు. హైవే కాబట్టి ఏ చోట ఆగినా పక్కన ఊరుంటుంది.

లంకమల_చూపు:

రోళ్ళపాడుకు పోతే బైనాక్యులర్ ఎవరిదగ్గరైనా అడిగి తీసుకెళ్ళండి మేడమ్. చలికాలంలో అక్కడికి గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగే డేగలు వలస వస్తాయి, రాత్రికి గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. మీరు చేరే సమయానికి ఒక్కొక్కటీ లేస్తుంటాయి. జింకలు చూసే హడావుడిలో వాటిని చాలామంది గమనించరు.

బురుజు_పిల్ల:

బైర్లూటీలో కాటేజీ దొరికింది, డిసెంబరులో ఒక శనివారం. టీచరమ్మ చెప్పినట్టే ఫోన్ చేశాను, "ఒక్కరే" అనగానే అటువైపు నిజంగానే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగారు. స్టెప్నీ చూపించాను, గాలి సగమే ఉంది, కొట్టించాను. జాకీ మాత్రం డిక్కీలో లేనే లేదు, కొత్తది కొనాలి. బైనాక్యులర్ మా ఆఫీసులో ఒకాయన ఇస్తానన్నాడు. శ్రీశైలానికి అమ్మ ఉగాది తర్వాత వస్తానంది, ఆ ట్రిప్పుకు వేరే పోస్టు పెడతాను.